ఒంటిపూట బడి, రెండుపూటల చాకిరీ

మార్చి నెల మూడో వారం. పొద్దున పది గంటలు. పెనుగంచిప్రోలు మండలంలో ఒక ప్రాథమిక పాఠశాల. ఆ రోజు తల్లిదండ్రుల కమిటీ సమావేశం. వరండాలో వేసిన బల్లల మీద ముగ్గురే కూర్చుని వున్నారు. ఒకామె చంటిబిడ్డ తల్లి, పనికి వెళ్ళే ఓపిక ఇంకా రాక ఇంటిపట్టున వుంది. ఒకాయన చిల్లరకొట్టు నడుపుతాడు. మూడో ఆమె ఆ బళ్ళోనే అన్నం వండే ఆవిడ. కమిటీలో వున్నది పదిహేనుమంది. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

"చూశారా మేడమ్, ఇదీ మన తల్లుల శ్రద్ధ! నాలుగు రోజుల ముందే పిల్లల చేత కబురు పంపాను" అన్నారు హెడ్మాస్టరు గారు నాతో. ఆయన మంచి మనిషి. సొంత డబ్బు పెట్టి పిల్లలకి పలకలు కొన్న మనిషి. ఆ మాట ఎత్తిపొడుపుగా కాదు, నిజంగా బాధపడే అన్నారు.

ఆ పది గంటల వేళ ఆ తల్లులంతా ఎక్కడ వున్నారు? మిరప చేలల్లో వున్నారు. తెల్లారకముందే అన్నం క్యారియరు కట్టుకుని ఆటో ఎక్కారు. కోతకి కిలోల లెక్కన కూలి. గంటసేపు ఆగితే ఆ గంట కాయ పోతుంది. రెండుసార్లు మానితే ముఠాలో చోటు పోతుంది. ఇదంతా హెడ్మాస్టరు గారికి తెలియంది కాదు. కానీ సమావేశం ఎప్పుడు పెట్టాలో చెప్పే కాగితం పైనుంచి వచ్చింది. అందులో పది గంటలు అని వుంది.

సాయంత్రం తీర్మానాల పుస్తకం సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగింది. నేనూ వెంట వెళ్ళాను. ఒక ఇంట్లో ఆమె పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. రోజంతా కాయ కోసిన వేళ్ళు మండుతున్నాయి. నీళ్ళు తగిలినా మంటే, చంటిదాన్ని ముట్టుకున్నా భయమే. కలం పట్టుకోలేక "నువ్వు పెట్టెయ్యవే అమ్మాయ్" అంది కూతురితో. ఐదో తరగతి చదువుతున్న ఆ పిల్ల తల్లి పేరు గుండ్రంగా రాసింది. పైన "సమావేశానికి హాజరై ఏకగ్రీవంగా ఆమోదించిన సభ్యులు" అని వుంది. ఏం ఆమోదించారో తల్లికీ తెలీదు, కూతురికీ తెలీదు.

అది ఏ ఊరు, ఏ బడి అన్నది ఇక్కడ అనవసరం. ఈ పత్రిక చదివే వాళ్ళలో చాలామందికి అది తమ ఊరి బడే అనిపిస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బడి తల్లిని పిలుస్తోంది గానీ తల్లి రాగలిగే వేళకి పిలవడం లేదు. బాధ్యత ఆమె మీద పెడుతోంది గానీ నిర్ణయం ఆమె చేతికి ఇవ్వడం లేదు. ఏడాది పొడవునా వుండే ఈ సంగతి ఎండాకాలంలో పచ్చిగా బయటపడుతుంది. దాని నష్టం ఎక్కువగా భరించేది అప్పుడే ఐదో తరగతి పూర్తి చేసిన ఆడపిల్ల.

ఎవరి వీలు కోసం ఈ వేళలు?

మన రాష్ట్రంలో సాధారణంగా మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. 2025లో వేళలు పొద్దున 7.45 నుంచి మధ్యాహ్నం 12.30 వరకు. ఏప్రిల్ 23 ఆఖరి పనిదినం. 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు, 12న మళ్ళీ బడి. లెక్క వేస్తే 40 రోజులు సగం బడి, 49 రోజులు బడే లేదు. మొత్తం 89 రోజులు. దాదాపు మూడు నెలలు.

ఎండల్లో పిల్లల్ని సాయంత్రం దాకా రేకుల కింద కూర్చోబెట్టాలని నేననడం లేదు. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతం ఎండలు ఎలాంటివో మనకొకరు చెప్పక్కర్లేదు. ఒంటిపూట బడి అవసరమే. నా ప్రశ్న వేరు. బడి వదిలేసిన ఆ రెండో పూట ఎవరి మీద పడుతోంది? ఆ సంగతి ఎవరైనా ఆలోచించారా?

ఈ మెట్టలో మిరప కోతలు ముమ్మరంగా సాగేది కూడా ఈ రోజుల్లోనే. కోతలు అవుతూ వుంటే కల్లాల్లో ఎండబెట్టడం, తాలు కాయ ఏరడం, ముచ్చికలు తీయడం, బస్తాలకి ఎత్తడం. వీటిలో ఎక్కువ పని ఆడవాళ్ళదే. అంటే కూలి ఇంటి తల్లికి ఏడాదిలో నాలుగు డబ్బులు కనపడే రోజులూ బడి సగం మూసుకునే రోజులూ ఒకటే. ఉదయం ఆరు గంటలకి ఆమె ఆటో ఎక్కాలి. ఏడూ నలభై ఐదుకి బిడ్డ బళ్ళో వుండాలి. ఆ మధ్యలో నీళ్ళు పోసి, జడ వేసి, పంపేదెవరు? పన్నెండున్నరకి నడినెత్తిన ఎండలో బిడ్డ ఇంటికొస్తే తలుపు తీసేదెవరు?

జవాబు అందరికీ తెలుసు. ఇంట్లో వున్న పెద్ద ఆడపిల్ల. తమ్ముడికి నీళ్ళు పోసేది ఆమె, చెల్లెలికి జడ వేసేది ఆమె. ఆలస్యంగా బడికి వచ్చి "ఏమ్మా, రోజూ ఇంతేనా?" అని మాట పడేదీ ఆమే. బడి వదిలాక అన్నం వార్చి, అంట్లు తోమి, పొద్దు వాలే వేళకి తల్లి కోసం నీళ్ళు కాచి పెట్టేదీ ఆమే. అన్న వుంటే అన్నకి ఆ పని చెప్పరు. అన్న క్రికెట్ ఆడుకోవడానికి ఏటి ఒడ్డుకి పోతాడు.

ఏరు అన్నాను కాబట్టి ఒక మాట చెప్పాలి. ఎండాకాలం మున్నేరు చూడ్డానికి ఏమీ ఎరగనట్టుంటుంది. ఇసుక తవ్విన గుంటల్లో నిలిచిన నీళ్ళ లోతు మాత్రం పిల్లలకి తెలీదు. 2022 జనవరిలో సంక్రాంతి సెలవులప్పుడు చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర ఈ మున్నేటిలోనే ఐదుగురు పిల్లలు మునిగి చనిపోయారు. అది ఎండాకాలం కాదు, పండగ సెలవులు. కానీ పాఠం ఒకటే. బడి మూసిన పూట పిల్లల్ని కనిపెట్టుకుని వుండే మనిషి ఊళ్ళో లేకపోతే ఏరు వుంటుంది, బావి వుంటుంది, రోడ్డు వుంటుంది. ఏదైనా జరిగినప్పుడు అందరూ అడిగే మొదటి మాట "తల్లి ఏం చేస్తోంది?" అనే. తండ్రి ఏం చేస్తున్నాడని అడిగిన వాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఒక మంచి మాట రాశారు. పని జరిగే చోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి వుంటే వాళ్ళని చూసుకోడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకీ కూలి ఇవ్వాలని. ఆచరణ ఎలా వున్నా, పిల్లల్ని చూడ్డం కూడా పనేనని, దానికీ కూలి వుండాలని కాగితం మీదైనా ఒప్పుకున్నారు. మరి ఆరేళ్ళు దాటిన బిడ్డ సంగతి? ఆరేళ్ళు నిండితే బడి చూసుకుంటుంది అని కదా లెక్క! బడి 89 రోజులు తప్పుకుంటే ఆ లెక్క ఎవరు పూరించాలి?

ఐదో తరగతి అయిపోయిన ఆడపిల్ల

తల్లి సంతకం పెట్టిన ఆ పిల్ల దగ్గరికి మళ్ళీ వస్తాను. ఏప్రిల్ 23తో ఆమె ప్రాథమిక పాఠశాల చదువు అయిపోతుంది. ఆ బడి ఆమెని పంపేసింది. ఆరో తరగతి వున్న బడి ఆమెని ఇంకా చేర్చుకోలేదు. ఆ 49 రోజులూ ఆమె ఏ రిజిస్టరులోనూ లేదు. ఏ టీచరూ ఆమె నా విద్యార్థి అనుకోదు.

ఆ 49 రోజుల్లో చాలా జరుగుతాయి. తల్లితో పాటు కల్లానికి పోయి తాలు ఏరుతుంది. చేతికి కాసిని డబ్బులొస్తాయి. ఇల్లు ఆమె మీద నడవడం అలవాటవుతుంది. కొత్త బడి పక్క ఊళ్ళో వుందంటే ఆటో ఖర్చు, దారి భయం, "ఎదిగిన పిల్ల" అనే మాట ముందుకొస్తాయి. జూన్ 12న "ఈ సంవత్సరం ఆగుదాం లే" అంటారు. ఆ ఆగడం అక్కడితో ఆగదు. నాలుగేళ్ళు తిరక్కుండా పెళ్ళి మాట వస్తుంది. బాల్యవివాహాల మీద మనం ఎన్ని సభలు పెట్టినా, వాటిలో చాలావాటికి బీజం ఐదో తరగతి తర్వాత వచ్చే ఈ ఎండాకాలంలో పడుతోందన్నది నా అనుభవం.

చట్టం ఏమంటోంది? 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించారు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. బాగుంది. దాంతోపాటే ఒక మినహాయింపు ఇచ్చారు. బడి వేళలు అయ్యాక, సెలవుల్లో, చదువుకి అడ్డం రాకుండా, ప్రమాదకరం కాని పనుల్లో తన కుటుంబానికి సాయం చెయ్యొచ్చని. పైకి చూస్తే నిజమే కదా, ఇంట్లో అమ్మకి సాయం చేస్తే తప్పేముంది అనిపిస్తుంది. ఆ మినహాయింపుని ఈ మూడు నెలల పక్కన పెట్టి చూడండి. పన్నెండున్నర తర్వాతదంతా "బడి వేళలు అయ్యాక" వచ్చే సమయమే. ఏప్రిల్ 24 నుంచి అంతా సెలవులే. ఇంటి చాకిరీకి, సొంత చేనులో పనికి చట్టమే గుమ్మం తీసి పెట్టింది. పరాయి చేలో కూలికి పోవడం చట్టం ఒప్పుకోదు. కానీ తల్లి పక్కన కూర్చుని తాలు ఏరే పిల్ల కూలిపని చేస్తోందా, సాయం చేస్తోందా అని కల్లంలోకి వచ్చి తేల్చేదెవరు?

హైదరాబాదు పక్కన రంగారెడ్డి జిల్లాలో 1990ల మొదట్లో ఎం.వి. ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు, బడి బయట వున్న ప్రతి బిడ్డా బాల కార్మికురాలే అన్నారు. ఇంటి పని, తమ్ముణ్ణి ఎత్తుకునే పని కూడా పనే అన్నారు. పిల్లల్ని శిబిరాల్లో వుంచి, చదువు దిద్ది, వయసుకి తగ్గ తరగతిలో చేర్చారు. ఆ సంస్థకి నాయకత్వం వహించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. బీద తల్లిదండ్రులకి చదువంటే లెక్కలేదనే మాట అబద్ధమని ఆ అనుభవం తేల్చి చెప్పింది. వాళ్ళకి దారి చూపించే వాళ్ళు లేరు, బడి గుమ్మం దగ్గర వాళ్ళని మనుషులుగా పలకరించే వాళ్ళు లేరు. అంతే.

దారి లేకపోలేదు. విద్యాహక్కు చట్టం కింద మన రాష్ట్ర నిబంధనలు ప్రాథమిక బడి కిలోమీటరు లోపల, ఆరు నుంచి ఎనిమిది తరగతులు మూడు కిలోమీటర్ల లోపల వుండాలంటున్నాయి. చదువు మానేసిన ఆడపిల్లల కోసం, దూరాభారం వున్నవాళ్ళ కోసం 2004 నుంచి కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వచ్చాయి. వాటిలో ఆరో తరగతికి దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో తెలుసా? 2025లో మార్చి, ఏప్రిల్ నెలల్లో తీసుకున్నారు. అదీ ఆన్‌లైనులో. సరిగ్గా తల్లి చేలో వున్న రోజుల్లో. ఆ సంగతి పన్నెండున్నర లోపల బళ్ళో చెప్తే, తల్లి చెవిన పడేసరికి గడువు దాటిపోతుంది.

ఖాతా అమ్మది, నిర్ణయం ఎవరిది?

తల్లిదండ్రుల కమిటీలు కొత్తవేం కాదు. 1998లోనే ఉమ్మడి రాష్ట్రంలో పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్య చట్టం వచ్చింది. ఎన్నికైన తల్లిదండ్రులతో విద్యా కమిటీలు ఏర్పడ్డాయి. తర్వాత 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను దేశమంతటికీ కమిటీలు పెట్టింది. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు వుండాలి, మొత్తంలో సగం మంది స్త్రీలు వుండాలి అంది. బడి ఎలా నడుస్తోందో చూడ్డం, అభివృద్ధి ప్రణాళిక తయారు చెయ్యడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో అడగడం వాళ్ళ హక్కు. 24వ సెక్షను ఇంకో మాట చెప్తోంది. టీచర్లు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై బిడ్డ హాజరు గురించి, చదువు గురించి చెప్పాలి. ఇది టీచరు దయ కాదు, ఆమె విధి.

2024 ఆగస్టులో మన రాష్ట్రంలో ఈ కమిటీలకి మళ్ళీ ఎన్నికలు జరిగాయి. ఆ డిసెంబరులో, 2025 జూలైలో రాష్ట్రమంతా ఒకే రోజు తల్లిదండ్రులు, టీచర్ల పెద్ద సమావేశాలు జరిగాయి. ముగ్గులు వేశారు, ఆటలు పెట్టారు, ఫోటోలు తీశారు. తల్లులు మంచి చీర కట్టుకుని వచ్చారు. నేను వెక్కిరించడం లేదు. బడి గడప ఎన్నడూ తొక్కని తల్లి ఆ రోజు కుర్చీలో కూర్చుంది, అది చిన్న విషయం కాదు. కానీ ఏడాదికి ఒక రోజు పండగ వేరు, నెలకోసారి కూర్చుని "మా పిల్లకి చదవడం ఎందుకు రావడం లేదు?" అని అడగడం వేరు.

అడగబోతే ఏమవుతుంది? స్త్రీలు సగం వుండాలి కాబట్టి పేర్లు స్త్రీలవే. కుర్చీలో కూర్చునేది చాలాచోట్ల భర్త. సర్పంచి పదవిలో చూసిన భాగోతమే బళ్ళోనూ చూస్తున్నాం. "ఆవిడకేం తెల్దులెండి, నేను చెప్తాగా" అనే మాట నేను నా చెవులతో ఎన్నోసార్లు విన్నాను. ఆ "ఏం తెలియని" ఆవిడే పిల్ల జ్వరంతో ఎన్ని రోజులు బడి మానిందో వేళ్ళ మీద లెక్క చెప్పగలదు.

డబ్బు విషయానికి వస్తే ప్రభుత్వానికి తల్లి ఎక్కడుందో బాగా గుర్తుంటుంది. 2020 జనవరిలో అమ్మఒడి వచ్చింది. బిడ్డని బడికి పంపే తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 రూపాయలు అన్నారు. తర్వాత అందులోంచి బడి నిర్వహణకని కొంత తీసుకున్నారు. 75 శాతం హాజరు వుండాలన్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది, 13,000 ఖాతాలో పడింది, 2,000 బడి కోసం అన్నారు. ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి. తల్లి పేర ఖాతా మంచిదే. తండ్రి పేర వేస్తే అందులో ఎంత ఇంటికి చేరేదో మనకి తెలుసు. కానీ తిరకాసు చూడండి. హాజరు తగ్గితే డబ్బు ఆగేది తల్లికి. పిల్ల హాజరు తగ్గడానికి కారణమైన వేళల గురించి మాత్రం తల్లిని ఎవరూ అడగరు. బడి మరుగుదొడ్డికి తన వాటా 2,000 ఇచ్చిన తల్లి, ఆ దొడ్డికి తలుపు ఎందుకు లేదని అడగడానికి పది గంటల సమావేశానికి రావాలి!

పెద్ద నిర్ణయాలు మరీ విచిత్రం. 2022 జూన్‌లో 117వ జీవో వచ్చింది. చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్ళకి తరలించారు. 2025 మేలో ఆ పద్ధతి తీసేసి బళ్ళని మళ్ళీ వేరే రకాలుగా విభజించారు. ఏది మంచి, ఏది చెడ్డ అన్న చర్చ ఇక్కడ పెట్టను. రెండూ వచ్చింది ఎండాకాలం సెలవుల్లో. బడికి తాళం వున్నప్పుడు. ఎనిమిదేళ్ళ బిడ్డ రోడ్డు దాటి ఏ బడికి పోవాలో తేలే సమయంలో కూలికి పోయే తల్లికి అడగడానికి ఒక మనిషి కూడా బళ్ళో కనపడని రోజులవి.

టీచర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడిపే బళ్ళు మన మెట్టలో వున్నాయి. వాళ్ళలోనూ చాలామంది స్త్రీలే. ఏడూ నలభై ఐదుకి బళ్ళో వుండాలంటే ఆమె ఐదింటికే లేచి తన ఇంట్లో వంట చేసి రావాలి. అన్నానికి ఫోటో, హాజరుకి ఫోటో తీసి ఫోనులో పంపాలి. రాత్రి ఏడింటికి సమావేశం పెట్టమంటే ఆమె బస్సు సంగతేమిటి? కాబట్టి ఇది టీచరమ్మకీ తల్లికీ మధ్య తగవు కాదు. ఇద్దరి వీలూ అడక్కుండా వేళలు రాసేవాళ్ళతో తగవు.

బళ్ళో వున్న మూడో స్త్రీ, వంట చేసే ఆవిడ. కేంద్రం నిబంధన ప్రకారం ఆమెకి గౌరవ వేతనం ఏడాదికి పది నెలలకే. జీతం అనరు, గౌరవం అంటారు! సెలవుల్లో వంట లేదు, కాబట్టి గౌరవం కూడా లేదు. పిల్లలకి ఆ 49 రోజులు అన్నమూ లేదు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు బళ్ళో వండిన అన్నం పెట్టమని ఆదేశించింది. 2004 ఏప్రిల్‌లో, కరువు ప్రాంతాల్లో ఎండాకాలం సెలవుల్లో కూడా పెట్టమంది. సెలవుల్లో కూడా బిడ్డకి ఆకలి వేస్తుందని కోర్టు ఒప్పుకుంది. ఆ మాట కరువు ఏడాదికే ఎందుకు పరిమితం కావాలి? కూలి కుటుంబానికి ప్రతి మే నెలా కరువే.

తిరునాళ్ళకి కుదిరింది బడికి కుదరదా?

"మేడమ్, మీరన్నవన్నీ బాగానే వున్నాయి. మన ఊళ్ళలో జనాన్ని కూడగట్టడం అయ్యే పని కాదు" అంటారు. నాకు నవ్వొస్తుంది. పెనుగంచిప్రోలులో నిలబడి ఆ మాట అనగలరా? మాఘమాసంలో తిరుపతమ్మ పెద్ద తిరునాళ్ళు, ఫాల్గుణంలో చిన్న తిరునాళ్ళు. అయిదేసి రోజులు జనం నేల ఈనినట్టు వస్తారు. ఎవరి ఇంట్లో ఎంతమంది చుట్టాలు దిగాలి, మంచినీళ్ళెవరు చూడాలి, తప్పిపోయిన పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి, అన్నీ కుదురుతాయి. రాత్రిళ్ళు జరగాల్సినవి రాత్రిళ్ళే జరుగుతాయి. ఎవరూ పది గంటలకి కాగితం పంపరు. చిన్న తిరునాళ్ళు వచ్చే రోజుల్లోనే ఒంటిపూట బడులూ వస్తాయి. తిరునాళ్ళలో పిల్లల్ని కనిపెట్టుకున్న ఊరే, తర్వాత మూడు నెలలు పిల్లల్ని గాలికొదిలేస్తుంది.

ఆ తల్లి కథ మనందరికీ తెలుసు. అత్తింట్లో ఆరళ్ళు పడ్డ కోడలు. బతికున్నప్పుడు ఆమె మాట వినని ఊరు తర్వాత గుడి కట్టి మొక్కింది. మొక్కడం సులువు, మాట వినడం కష్టం. మనకి దేవతలుగా వుండాలనేం లేదు. సమావేశంలో ఒక కుర్చీ, రెండు మాటలు చెప్పే వీలు వుంటే చాలు.

చదువు స్త్రీల వేళకి వస్తే ఏమవుతుందో ఈ రాష్ట్రం ఒకసారి చూసింది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చినప్పుడు చదువు కేంద్రాలు పగలు పది గంటలకి నడవలేదు. కూలి పని, వంట పని అయ్యాక రాత్రిపూట దీపాల కింద నడిచాయి. స్త్రీలు వచ్చారు. అక్షరాలతో పాటు తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంట స్త్రీలు సారా కొట్టు మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించక తప్పలేదు. అప్పుడు కూడా "ఆడవాళ్ళు రారండీ" అన్న వాళ్ళున్నారు. వేళ మార్చి చూస్తే వచ్చారు.

మనం అడగాల్సినవి

ఒకటి. కమిటీ సమావేశం వేళ సభ్యులే నిర్ణయించుకోవాలి. మిరప కోతల రోజుల్లో పొద్దు గూకాక, టీచరమ్మ బస్సుకి ఇబ్బంది లేకుండా, అవసరమైతే నెలకో ఆదివారం. తీర్మానాల పుస్తకం ఇళ్ళకి తిప్పడం ఆపాలి. రాని వాళ్ళ సంతకం వద్దు. సమావేశం జరగలేదని నిజం రాసినా నష్టం లేదు.

రెండు. ఏప్రిల్‌లో బడి మూసేముందు ఐదో తరగతి పిల్లల పేర్లు, ముఖ్యంగా ఆడపిల్లల పేర్లు ఒక్కొక్కటీ కమిటీలో చదవాలి. ఈ పిల్ల జూన్‌లో ఏ బడికి పోతుంది? ఎలా పోతుంది? కస్తూర్బాకి గానీ గురుకులానికి గానీ దరఖాస్తు పెట్టారా? ఒక్కో పేరుకి ఒక్కో సభ్యురాలు పూచీ పడాలి. బదిలీ సర్టిఫికెట్టు ఆలస్యమైందని చేర్చుకోకుండా వుండే వీల్లేదని విద్యాహక్కు చట్టం 5వ సెక్షను చెప్తోంది. కోతల కోసం ఊరు వదిలి వచ్చిన కుటుంబాల పిల్లలకీ అదే చట్టం. ఆ సంగతి మన సంఘం సభ్యులందరికీ నోటికి రావాలి.

మూడు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి తల్లులు వచ్చేదాకా బళ్ళో ఒక గది తెరిచి వుంచాలి. నీడ, మంచినీళ్ళు, నాలుగు కథల పుస్తకాలు. సెలవుల్లో ఆ గదితో పాటు ఒక పూట అన్నం. అక్కడ వుండే స్త్రీకి జీతం ఇవ్వాలి. ఇది గట్టిగా చెప్తున్నాను. "మీ పిల్లలే కదా, సేవగా చెయ్యండి" అంటే ఒప్పుకోవద్దు. మన దేశంలో సేవ అనే మాట ఎక్కువగా ఆడవాళ్ళకే వాడతారు. వంట చేసే ఆమెకి పన్నెండు నెలలూ జీతం ఇస్తే, ఆ గది తెరవడానికి మనిషి ఊళ్ళోనే వుంది.

నాలుగు. బడిని కలిపినా, తరగతి తరలించినా, కమిటీ కూర్చుని మాట్లాడకుండా సెలవుల్లో చెయ్యకూడదు.

ఐదు. ఇది ప్రభుత్వాన్ని అడిగేది కాదు, మన ఇళ్ళల్లో అడగాల్సింది. తల్లిదండ్రులు అనే మాటలో తండ్రి కూడా వున్నాడు. కొడుకుని బస్సెక్కించి పట్నంలో కాన్వెంటుకి పంపి కూతుర్ని ఊరి బడికి పంపేటప్పుడు నిర్ణయం ఆయనది. జడ వెయ్యాల్సి వచ్చినప్పుడు, సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు బాధ్యత ఆమెది. ఏడూ నలభై ఐదుకి బిడ్డని తయారు చేసి పంపడం మగవాడి చేతికి రాని విద్య కాదు. తమ్ముడికి నీళ్ళు పోయడం అన్నకీ వస్తుంది, నేర్పితే.

నేను ఈ మాటలు ఒక రాత్రి ఆ తల్లితో అన్నప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "అక్కా, నువ్వు చెప్పేది నాకు తెలీక కాదు. పిల్ల కల్లానికి రాకపోతే చిన్నోణ్ణి ఎవరు చూస్తారు? నువ్వు చూస్తావా?" నా దగ్గర జవాబు లేదు. ఆమెకి చదువు విలువ మీద ఉపన్యాసం ఇస్తే జవాబు అవ్వదు. చిన్నవాణ్ణి కూర్చోబెట్టే గది వుంటేనే జవాబు. అందుకే పైన మూడోది అన్నిటికంటే ముందు కావాలంటాను. తల్లిని నిందించే హక్కు ఆ గది తెరవని వాళ్ళకి, వాళ్ళతో మాట్లాడి ఆ గది తెరిపించని మనకి లేదు.

ఈ జూన్‌లో బడి తెరిచిన రోజున మన సంఘం సభ్యులు ప్రతి ఊళ్ళో ఒక పని చెయ్యాలని కోరుతున్నాను. గత ఏప్రిల్‌లో ఐదో తరగతి పూర్తి చేసిన ఆడపిల్లల పేర్లు బళ్ళో అడిగి తీసుకోండి. ఆరో తరగతి రిజిస్టరులో ఆ పేర్లు వున్నాయో లేదో చూడండి. లేని పేరు వుంటే ఆ ఇంటికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు పొద్దున పది గంటలకి వెళ్ళకండి. దీపాలు పెట్టే వేళకి వెళ్ళండి. అప్పుడు ఆ తల్లి ఇంట్లో వుంటుంది.